ఖాళీ చోట మెనూ రాదు

నల్లవాగు బొగ్గు గని కోసం నేను రాసిన ప్రోగ్రాములో పంక్తులు కొన్ని వేలు. వాటిలో రెండింటిని గురించే ఇక్కడ చెప్పదలచాను. తెర మీది జాబితాలో ఒక పేరు మీద మౌస్ ఉంచి కుడి మీట నొక్కితేనే మెనూ తెరుచుకోవాలి. పేరు లేని ఖాళీ చోట నొక్కితే ఏమీ జరగకూడదు. ఆ రెండు పంక్తుల సారాంశం అంతే. వాటిని రాసినందుకు నాకొక ప్రశంసాపత్రం ఇచ్చారు. దానికి నేను అర్హురాలినేనని ముందే చెప్పాలి. వాటిలో తరువాత బయటపడిన దోషం అజాగ్రత్త వల్ల జరిగిందని ఎవరైనా అనుకుంటే నా శిక్ష తేలికవుతుంది. అది నాకు ఇష్టం లేదు.

ఆ గనిలో మేము నాడితీగను అమర్చాం. వెంట్రుకంత సన్నని గాజుతీగ అది. గ్యాలరీలనే సొరంగాల పైకప్పుల్లోనూ, బొగ్గు పొరలోనూ, రాతి చీలికల్లోనూ పరచి ఉండేది. మనిషి గుండె కొట్టుకున్నప్పుడు ఆ అదురు నేలలోకి, గోడలోకి పాకుతుంది. తీగ దాన్ని వింటుంది. ఏ ఇద్దరి గుండెలూ ఒకే తీరున కొట్టుకోవు కనుక ఎవరు ఎక్కడ ఉన్నారో పైన కూర్చున్న మాకు తెలిసేది. తీగ వెంబడి ఒక బోలు వేరు కూడా ఉండేది. పైకప్పు కూలి మనిషి చిక్కుకుపోతే, చెట్టు వేరు నీటి చెమ్మను వెతుక్కున్నట్టు, అది అతని గుండె చప్పుడు వైపు రాళ్ళ సందుల్లోంచి పెరుగుతూ పోయేది. నిమిషానికి ఒక బార. చేరిన తరువాత దానిలోంచి గాలి పంపవచ్చు, నీళ్ళు పంపవచ్చు, మాట్లాడవచ్చు. ఆ వేరు పుణ్యాన రెండేళ్ళలో పదకొండు మంది మళ్ళీ ఎండను చూశారు. ఇదీ ముందే చెప్పాలి.

తెర మీద ఎడమ పక్కన జాబితా. ఆ షిఫ్టులో దిగినవారి పేర్లు ఒకదాని కింద ఒకటి; ప్రతి పేరు పక్కన గుండెతో పాటు ఎగిరిపడే ఆకుపచ్చని గీత. పేరు మీద కుడి మీట నొక్కితే నాలుగు మాటల మెనూ వచ్చేది. ఊపిరి పంపు. మాట కలుపు. గాలి తలుపు తెరువు. గాలి తలుపు మూయి.

మొదట్లో ఆ మెనూ ఎక్కడ నొక్కినా వచ్చేది. పేర్లన్నీ అయిపోయాక అడుగున మిగిలిన ఖాళీ చోట నొక్కినా వచ్చేది. వచ్చి, అంతకుముందు ఎవరి పేరు ఎంచుకుని ఉన్నదో ఆ మనిషికే ఆజ్ఞను చేరవేసేది. ఒక మధ్యాహ్నం ఆపరేటరు ఒకడు మెనూ పనిచేస్తున్నదో లేదో చూద్దామని ఖాళీ చోట నొక్కి, ఇది ఎవరికీ తగలదు గదా అనుకుని, తలుపు మూయి అన్నాడు. నాలుగో గ్యాలరీలో పైకప్పుకు దుంగలు ఆనించే కనకయ్య అనే టింబర్‌మన్ కుడి చెయ్యి ఆ తలుపులో నలిగి మోచేతి దాకా పోయింది. నేను ఆసుపత్రికి వెళ్ళి అతన్ని చూశాను. అతడు ఎడమ చేత్తో నాకు నమస్కారం పెట్టబోయి, ఒక్క చేత్తో నమస్కారం ఎలా పెట్టాలో తెలియక ఆగిపోయాడు. ఆ సాయంత్రమే ఆ రెండు పంక్తులు రాశాను. అవి నిర్దుష్టంగా పనిచేశాయి. భద్రతా విభాగం వారు వాటిని పరీక్షించి ప్రోగ్రాముకు తాళం వేయించారు. ఇక దానిలో అక్షరం మార్చాలన్నా రెండు తాళాలు కావాలి: ఒకటి నాది, రెండవది డైరెక్టరు రంగనాథ్ గారిది.

నేను చదువుకున్న కాన్వెంటులో మదర్ బెర్నడెట్ ప్రతి ఉదయం స్వయంగా హాజరు పిలిచేది. పేరు పిలవనిదే ఎవరూ కూర్చోకూడదు. తప్పు చేసినవారు ఎవరూ అడగకముందే లేచి నిలబడాలి. అబద్ధం విన్నవారు కూడా లేచి నిలబడాలి. పిలిచిన పేరు, దానికి పలికిన మనిషి: ఈ క్రమం మీద నాకు ఎనిమిదవ ఏటి నుంచీ అచంచలమైన నమ్మకం. జాబితాలో ఉన్నదానికే ఆజ్ఞ వర్తించాలన్న నిబంధన రాసినప్పుడు నాకు కలిగిన తృప్తి వృత్తికి సంబంధించినది మాత్రమే కాదు.

గని గేటు ఎదుట సారక్క చాయ్ బండి ఉండేది. నేను అక్కడికి వచ్చిన మూడేళ్ళూ ఉదయపు ఫలహారం ఆమె పెనం మీది సర్వపిండే.

“ఇయ్యాల జెర మాడింది, మేడం. మాడిన తుంట మా ఆయనకు, మంచి తుంట మీకు,” అనేది.

“పెండ్లయినకాంచి నాకు మాడిందే, మేడం. మంచిది ఎట్లుంటదో నాకెరుకనే లేదు,” అనేవాడు పొయ్యి దగ్గర కట్టెలు చీల్చే పోశం.

“తిననీకె నోరుంటది, చేయనీకె చెయ్యి రాదు. కట్టెలు సక్కగ కొట్టు!”

పోశానికి నలభై దాటాయి. బాయిలో, అంటే గనిలో, నౌకరి కోసం మూడుసార్లు వైద్య పరీక్షకు వెళ్ళి, మూడుసార్లూ తప్పాడు. సారక్క తమ్ముడు గట్టయ్యకు మాత్రం దొరికింది. ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ ఏటికి నిండవలసిన మస్టర్లు, అంటే హాజరు రోజులు, నిండితే అవుతుంది.

“నా గుండె నాలుగు మస్టర్లు జేసి ఒక నాగ పెడతాందట, మేడం,” అని పోశం నాతో చెప్పాడు. “పనిదొంగ గుండె అన్నడు డాక్టరు సాబు. నేను జన్మల ఒక్కనాడు నాగ పెట్టలే. గుండె పెట్టవట్టె!”

ఆ రోజు నా సంచిలో నాడితీగ ముక్క ఒకటి, దానిని పరీక్షించే చిన్న పరికరం ఉన్నాయి. తీగను బండి బల్ల మీద పరచి, అరచెయ్యి దాని మీద ఆనించమన్నాను. పరికరపు తెర మీద గీత లేచింది. నాలుగు సార్లు ఎగిరింది. ఐదవసారి చదునుగా సాగిపోయింది. మళ్ళీ నాలుగు, మళ్ళీ చదును. గీత చదునైనప్పుడల్లా సారక్క చేతిలోని అట్లకాడ ఆగిపోవడం నేను చూశాను.

“డాక్టరు వద్దన్న గుండె మీ తీగకు వినవడుతాందా, మేడం?”

“స్పష్టంగా వినబడుతోంది.”

“అయితే నా పేరు గూడ మీ డబ్బల ఎక్కియ్యుండ్రి. పుణ్యముంటది.”

“బిళ్ళ ఉన్నవాళ్ళ పేర్లే ఎక్కిస్తాం, పోశం.”

“గంతే గద,” అని నవ్వి, అతడు మళ్ళీ గొడ్డలి అందుకున్నాడు. ఆ గీతను నేను పరికరంలో ‘పరీక్ష’ అనే పేరుతో దాచాను. మనిషి పేరు రాయలేదు. అవసరం ఉందని తోచలేదు.

బిళ్ళ అంటే కార్మికుడి సంఖ్య కొట్టిన ఇత్తడి ముక్క. దిగేముందు లాంపు గదిలో దాన్ని చూపించి టోపీ దీపం తీసుకుంటారు. లాంపు గదివారు బిళ్ళలను చూసేవారు. మేము గుండెలను వినేవాళ్ళం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు.

తెర అడుగున, పేర్లన్నీ అయిపోయాక ఉండే ఖాళీ చోట, అప్పుడప్పుడూ పేరులేని గీత ఒకటి కదిలేది. గీతలు గీసే భాగం వినబడిన ప్రతి చప్పుడునూ గీసేది. పేర్లు పెట్టే భాగానికి తెలిసినవారే తెలుసు. ఒకనాడు ఆపరేటరు ఓదెలును అడిగాను. యాభై ఏళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళు లోపల తట్ట మోసి, నడుము దెబ్బతిని పైకి వచ్చినవాడు.

“దయ్యం, మేడం,” అన్నాడు నిస్సంకోచంగా. “బాయిల దయ్యముండదా? పాత షిఫ్టోడు ఎవడో ఇంటి తొవ్వ మరిచిండు.”

“ఓదెలూ, నేను అడిగినదానికి జవాబు చెప్పు.”

“మరి పంపు అదురో, ఎలుకనో గావచ్చు.” అతడు నా వైపు చూడకుండా చాయ్ గ్లాసు తుడిచాడు. “మొన్న ఆదివారం దయ్యం డబల్ డ్యూటీ గూడ జేసింది.”

గదిలో ఉన్న ముగ్గురు ఆపరేటర్లూ నవ్వారు. ఆ నవ్వులో నాకు తెలియనిది ఏదో ఉందని గ్రహించి కూడా నేను మళ్ళీ అడగలేదు. నా నివేదికలో ఇలా రాశాను: ‘పంపుల అదురు, ఎలుకల కదలిక. జాబితాలోని అంశం కాదు. పట్టించుకోనవసరం లేదు.’ కింద సంతకం చేశాను. నా సంతకం ఎప్పుడూ పూర్తిగా, చదవడానికి వీలుగా ఉంటుంది.

పైకప్పు కూలింది ఒక మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి. ఏడో గ్యాలరీ. కుర్చీ కింద నేల ఒక్కసారి కుంగి లేచినట్టయింది. తెర మీద నలభై పేర్లు. ఆరు గీతలు పిచ్చిగా ఎగిరిపడుతున్నాయి.

నేను ఓదెలును జరగమని మౌస్ అందుకున్నాను. మొదటి పేరు మీద కుడి మీట, ఊపిరి పంపు. రెండవ పేరు. మూడవది. వేరు ఒకేసారి ఆరు పాయలుగా చీలి రాళ్ళలోకి పోయింది. పాయ ఒక్కొక్క మనిషిని చేరగానే అతని పేరు పక్కన చిన్న నీలిచుక్క వెలిగేది. నాలుగో మనిషికి పాయ రెండుసార్లు దారి తప్పింది, మళ్ళీ పంపాను. పదకొండు దాటుతుండగా ఆరో చుక్క వెలిగింది. “గాలి వస్తాంది సారూ, సల్లగ వస్తాంది,” అని ఎవరో లోపలినుంచి ఏడుస్తూ అనడం గదిలో అందరం విన్నాం. వెనక నిలబడ్డవారు చప్పట్లు కొట్టారు. రెస్క్యూ దళం వారు ఆరుగురి వైపూ తవ్వుకుంటూ పోతున్నారు. నలభై పేర్లూ క్షేమం.

చప్పట్లు ఆగాయి. అప్పుడు చూశాను. చూశాను అనడం నిజం కాదు. నలభై నిమిషాలుగా అది నా కంటి కొసన కదులుతూనే ఉంది. నలభయ్యవ పేరు కింద, ఖాళీ చోట, పేరులేని గీత. నాలుగు సార్లు ఎగిరి, ఐదవసారి చదునుగా సాగుతోంది.

నేను ఆ గీత మీద మౌస్ ఉంచి కుడి మీట నొక్కాను. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాను.

“ఓదెలూ, లాంపు గదికి ఫోన్ చెయ్యి. పొద్దున ఎన్ని బిళ్ళలకు దీపాలిచ్చారో అడుగు.”

అతడు ఫోన్ ముట్టుకోలేదు.

“అడిగేదేముంది, మేడం. నలభై ఒకటి.” అతడు తెర అడుగున గీత వైపు చూపించాడు. “అది దయ్యం కాదు. ఎన్నడూ కాదు. ఎవనికన్న జరమొస్తే, సావొస్తే, మస్టరు పోవద్దని ఇంకొకడు వాని బిళ్ళ పట్టుకొని దిగుతడు. తమ్మునికి అన్న, బామ్మర్దికి బావ. అందరికెరుకే. గట్టయ్యకు వారం సంది జరం. మూడు మస్టర్లు తక్కువున్నయట.”

“పోశం.”

“పోశమే.”

ఓదెలును రెస్క్యూ దళం దగ్గరికి పరుగెత్తమన్నాను. కూలిన చోటి నుంచి లోపలికి ఇరవై బారలు అని గీత చెబుతోంది. మనుషులు తవ్వితే ఒకటిన్నర రోజు. వేరుకైతే ఇరవై నిమిషాలు. కానీ వేరుకు ఆజ్ఞ మెనూలోంచే వెళ్ళాలి; మెనూ పేరు మీదే రావాలి. గట్టయ్య పేరును వెతికి తెప్పించి ఊపిరి పంపమన్నాను. వేరు లోపల గట్టయ్య గుండెను వెతికింది. గట్టయ్య గుండె మూడు కిలోమీటర్ల అవతల, కాలనీలో, దుప్పటి కింద ఉంది. వేరు కదలలేదు.

నేను లేచి నిలబడే రంగనాథ్ గారికి ఫోన్ చేశాను.

“జాబితాలో ఉన్న నలభై మందీ క్షేమమే కదా, సత్యవేణి గారూ?”

“లేని ఒకరు ఉన్నారు. ప్రోగ్రాము మార్చాలి. మీ తాళం కావాలి.”

“జాబితాలో లేనివారు గనిలో ఎలా ఉంటారండీ?”

“ఆ ప్రశ్నకు తరువాత జవాబిస్తాను. తాళం ఇవ్వండి.”

“ఆ గీత పంపుల అదురని మీ సంతకంతో కాగితం ఉంది. ఇదిగో, నా ఎదుటే ఉంది. ఇప్పుడు అది మనిషంటున్నారు. రెండింటిలో ఏది నమ్మమంటారు?”

“ఇప్పటిది.”

“ఆరుగురు ఇంకా వేరు మీదే ఊపిరి పీలుస్తున్నారు. మధ్యలో మీరు ప్రోగ్రామును ముట్టుకుంటే, అది ఆగిపోతే? ఆ బాధ్యత నేను ఒక్కణ్ణే తీసుకోలేను. పైవారిని అడుగుతాను. మీరు రాతపూర్వకంగా పంపండి.”

ఆయన భయం అర్థంలేనిది కాదు; అందుకే దానిని ఎదుర్కోవడం కష్టమైంది. రాతపూర్వకంగా పంపాను. తాళం ముప్పై ఒక్క నిమిషాల తరువాత వచ్చింది. ఆ ముప్పై ఒక్క నిమిషాలూ నేను కొత్త పంక్తులు రాసి సిద్ధంగా ఉంచుకుని, గీతను చూస్తూ నిలబడ్డాను. పదకొండున్నరకు అది నాలుగు ఎగిరి రెండు నాగాలు పెట్టడం మొదలుపెట్టింది. తరువాత మూడు ఎగిరి రెండు. తాళం తీసి, నా రెండు పంక్తులనూ చెరిపి, గీత ఎక్కడుంటే అక్కడికే వేరు పోవాలని రాసిన పంక్తులను ఎక్కించాను. మారిన ప్రోగ్రాము మొదలు కావడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. దానిని తొందరపెట్టే మార్గం లేదు. అలా ఉండకూడదని నేనే కట్టుదిట్టం చేశాను.

పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా తెర మళ్ళీ వెలిగింది. ఖాళీ చోట కుడి మీట నొక్కాను. మెనూ వచ్చింది. నాలుగు మాటలూ వరుసగా, స్పష్టంగా కనిపించాయి. వాటి కింద గీత లేదు.

అయినా ఊపిరి పంపు అన్నాను. దిశ తెలియని వేరు చాలాసేపు ఉన్నచోటనే వణికింది.

మరునాటి సాయంత్రం అతణ్ణి బయటికి తెచ్చారు. ఒంటి మీద పెద్ద గాయం లేదు. బండకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడట. చొక్కా జేబులో గట్టయ్య బిళ్ళ ఉండవలసింది. పంచనామాలో బిళ్ళ ప్రస్తావన లేదు. ‘తీగలు దొంగిలించే ఉద్దేశంతో ప్రవేశించిన అనధికార వ్యక్తి’ అని ఉంది. ప్రమాదంలో మరణించిన కార్మికులు అన్న గడిలో ‘లేరు’ అని రాశారు.

వారం తరువాత నేను సారక్క ఇంటికి వెళ్ళాను. గట్టయ్య గడప మీద తల వంచుకుని కూర్చున్నాడు. జ్వరం ఇంకా తగ్గలేదు. విచారణలో నేను నిజం చెప్పబోతున్నానని, ఆమె కూడా వచ్చి చెప్పాలని అన్నాను. న్యాయం జరగాలని అన్నాను.

“ఏం న్యాయం, మేడం?” అన్నది సారక్క. “తమ్ముని బిళ్ళ మీద దిగిండని నేనంటే వీని నౌకరి పీకుతరు. అనకపోతే మా ఆయన దొంగైతడు. మీరు సదువుకున్నోళ్ళు. ఏ కన్ను పొడుచుకోవాలెనో మీరే చెప్పుండ్రి.”

నేను గడప మీది గట్టయ్య వైపు చూశాను.

“నేనే పొమ్మన్న,” అన్నది ఆమె. “తను పోనన్నడు. మూడు మస్టర్లే గదయ్యా, వాని బతుకు నిలవడతది అని నేనే సద్ది గట్టిచ్చిన. ఇది మీ డబ్బల రాసుకుంటరా?”

నేను వచ్చేసరికి గట్టయ్య పిడికిలి ఎలా బిగిసి ఉందో వెళ్ళేసరికీ అలాగే ఉంది.

విచారణ జిల్లా కేంద్రంలో జరిగింది. పిలవకముందే లేచాను. నివేదిక మీది నా సంతకం చూపించాను. పెద్ద తెర మీద ఆనాటి పదకొండు గంటల దృశ్యం వేయించి, ఖాళీ చోట కుడి మీట నొక్కాను. ఏమీ రాలేదు. “ఇక్కడ ఒక మనిషి ఉన్నాడు,” అన్నాను. చాయ్ బండి మీద దాచిన పరీక్ష గీతను దాని పక్కన పెట్టాను. నాలుగు, చదును. నాలుగు, చదును.

“ఈ వ్యక్తి పని చేయడానికే దిగాడని ఏమిటి రుజువు?” అని విచారణాధికారి అడిగారు.

“బిళ్ళ,” అని వెనకనుంచి వినిపించింది. గట్టయ్య. ఎవరూ పిలవలేదు అతణ్ణి. నడిచి వచ్చి పిడికిలి విప్పాడు. “మా బావ అంగిల ఉండె. బయటికి తెచ్చినంక పోలీసోళ్ళు రాకముందే నేను తీసిన, సారూ. భయపడి తీసిన. గిది నాది. మా బావ దొంగ గాదు. నా మస్టరు జేస్తాండె.”

సారక్క కొంగు నోట్లో కుక్కుకున్నది. ఆమె ఏ కన్ను పొడుచుకోవాలో అతడే తేల్చేశాడు.

తీర్పు ఐదు నెలలకు వచ్చింది. పోశం గనిలో పని చేస్తూ మరణించాడని, అతని పేరును జాబితాలో చేర్చాలని ఆదేశించారు. నన్ను తొలగించారు, అది సబబు. బిళ్ళను మరొకరికి ఇచ్చినందుకు, సాక్ష్యాన్ని దాచినందుకు గట్టయ్యను తొలగించారు. ఏళ్ళ తరబడి బిళ్ళకూ మనిషికీ తేడా చూడని లాంపు గదిని ఎవరూ ఏమీ అనలేదు. జ్వరంతో మూడు మస్టర్లు తప్పితే బతుకు పోతుందని మనిషిని భయపెట్టే నియమాన్నీ ఎవరూ ఏమీ అనలేదు. రంగనాథ్ గారు ఇంతకంటే పెద్ద గనికి వెళ్ళారు. వీటిని నేను ఆనాటినుంచీ ప్రతి సంవత్సరం రాసి పంపుతున్నాను. అందినట్టు రశీదు వస్తుంది.

ఆదేశం అమలు చేయడం నా చివరి పని. కానీ నాడితీగ జాబితాలోకి గుండె లేని పేరు ఎక్కదు. పేరుతో పాటు బతికిన చప్పుడు ఒకటి ఇవ్వాలి. ‘పరీక్ష’ అని దాచిన దానిని తెరిచి ఇచ్చాను. అది చాలింది.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు ఓదెలు సారక్కను తీసుకువచ్చాడు. లోపల ఎవరూ లేరు. మిగతా పేర్లన్నీ చెరిగిపోయాయి. తెర మీద ఒక్క పేరే ఉంది. పక్కన గీత చదునుగా ఉంది.

“గిదేనా?”

“ఇదే. పోశం అని రాసి ఉంది.”

ఆమె తెర మీద ఆ అక్షరాలను వేలితో తాకింది. వేలికి పిండి అంటి ఉంది. “ఆనాడు నొక్కితే రాలేదంటిరి గద. ఇప్పుడొస్తదా?”

నేను పేరు మీద కుడి మీట నొక్కాను. మెనూ వచ్చింది. అడగకపోయినా చదివి వినిపించాను: ఊపిరి పంపు. మాట కలుపు. గాలి తలుపు తెరువు. గాలి తలుపు మూయి.

“మాట గలుపుతె ఆడ వినవడుతదా?”

“ఏడో గ్యాలరీలో వినబడుతుంది. అక్కడ ఎవరూ...”

“ఎరుకే, మేడం. కలుపుండ్రి.”

కలిపాను. మైకు ఆమె ముందుకు జరిపాను. ఓదెలు గోడ వైపు తిరిగాడు. ఆమె కొంగు సవరించుకుంది, ఎవరో ఎదుట కూర్చున్నట్టు.

“ఏమయ్యా, ఇనవడుతాందా?” అన్నది. “నేనే. ఇయ్యాల సర్వపిండి మాడలే. అంతా బాగనే ఉన్నం. గట్టయ్యకు జరం తగ్గింది. వాని మస్టర్లు నిండినయి. పర్మినెంట్ చేసిండ్రు. నౌకరి నిలవడ్డది. నువ్వేం ఫికరు జెయ్యకు.”

కింద, నాలుగు వందల అడుగుల లోతున, ఆ మాటలు ఖాళీ గ్యాలరీలో తిరిగి తిరిగి మాకే వినిపించాయి. ఆమె తల తిప్పి నా వైపు చూసింది.

అబద్ధం విన్నవారు లేచి నిలబడాలని నాకు నేర్పారు. నేను కూర్చునే ఉన్నాను.